ఎర్రగా లేదు, పర్వాలేదు

చింతపల్లి చుట్టుపక్కల కొండ ఊళ్ళలో దేవమణి గురించి ఒక మాట ఉంది. నర్సమ్మ నోరు చెడ్డది, చెయ్యి మంచిది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు పెద్దలు. ఆ లెక్కన ఆమెకు కొండ మీద ఒక్క ఊరూ మంచిది కాకూడదు. కానీ ఇరవై ఆరేళ్ళుగా అక్కడే ఏఎన్ఎంగా పనిచేస్తోంది. ఏ గుమ్మం ఎక్కినా పీట వేస్తారు, కాఫీ పండించే చేతులతోనే టీ కాచి ఇస్తారు, ఆ తర్వాత ఆమె తిట్టే తిట్లన్నీ పడతారు. బిడ్డకు టీకా వేయించలేదని ఒక తిట్టు, నీళ్ళ బిందె మీద మూత పెట్టలేదని ఇంకో తిట్టు. తిట్టినంతసేపూ ఆమె చేతులు మాత్రం ఎవరికో కట్టు కడుతూనో, ఎవరి పొట్టో పరీక్షిస్తూనో ఉంటాయి. అందుకని జనం నోటిని వదిలేసి చేతులకేసి చూడడం నేర్చుకున్నారు.

పుట్టింది నర్సీపట్నం పక్కన మిషను పేటలో. తండ్రి బర్నబా చర్చిలో ఉపదేశి. ఆదివారం వాక్యం చెప్పేవాడు, మిగతా ఆరు రోజులూ పొలం చేసేవాడు. కూతుర్ని నర్సు చదివించింది ఆయనే. భర్త ఎడ్విన్ చింతపల్లిలో బడిపంతులు కావడంతో దేవమణి కొండ మీదే ఉండిపోయింది.

అన్ని జబ్బులకూ ఒకే తీరున తిట్టే మనిషి, పడక పుండు అన్న మాట వింటే మాత్రం మరీ చెడ్డదైపోతుంది. దానికి కారణం ఉంది.

ఆరేళ్ళ కిందట బర్నబాకు పక్షవాతం వచ్చింది. ఎనిమిది నెలలు కొడుకు ఇంట్లో మంచం మీద ఉన్నాడు. ఎత్తడం, కడగడం, తినిపించడం అన్నీ కోడలు సిల్వియా చేసింది. దేవమణి రెండు వారాలకోసారి కొండ దిగి వెళ్ళేది. వెళ్ళగానే టార్చిలైటు తీసుకుని తండ్రి వీపు, తుంట్లు, మడమలు తనే స్వయంగా చూసేది. పడక పుండు మొదట ఎర్రమచ్చగా మొదలవుతుందని, ఆ ఎరుపు కనిపించగానే జాగ్రత్తపడితే పుండు రాదని ట్రైనింగులో నేర్పారు. చివరిసారి చూసినప్పుడు కూడా అలాగే చూసి, "ఎర్రగా లేదు, పర్వాలేదు" అని చెప్పి జీపెక్కింది. పన్నెండో రోజున ఫోను వచ్చింది. వెళ్ళేసరికి నడుం కింద, మడమ దగ్గర చర్మం పగిలి గోతులు పడ్డాయి. ఇంకో నెలకు మనిషి పోయాడు.

సమాధి కార్యక్రమం అయిన రోజే, చుట్టాలందరి ముందూ, దేవమణి వదినను నిలదీసింది. "నాను సూసినప్పుడు బాగానే ఉంది గదా. ఈ పన్నెండు రోజులూ నువ్వేటి సేసినావు?" అని. సిల్వియా జవాబు చెప్పలేదు, చేతిలో ఉన్న గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ మౌనాన్నే దేవమణి ఒప్పుకోలుగా తీసుకుంది. అప్పటినుంచి ఇద్దరి మధ్యా మాటల్లేవు. క్రిస్మసుకు ఫోను చేసినా అన్నయ్యతో మాట్లాడి పెట్టేస్తుంది.

ఇదంతా ఎందుకు చెప్పవలసి వచ్చిందంటే, పనసగరువు అనే కొండ ఊళ్ళో గాసి మంచం దగ్గర ఆమె ఎందుకంత రెచ్చిపోయిందో తెలియాలి కాబట్టి.

గాసికి ముప్పై నాలుగేళ్ళు. కాఫీ తోటలో నీడకోసం సిల్వర్ ఓక్ చెట్లు పెంచుతారు, వాటి మొదళ్ళ నుంచి పైదాకా మిరియాల పాదులు పాకిస్తారు. ఆ మిరియాలు కోయడానికి ఒంటి వెదురు నిచ్చెన వాడతారు. కణుపుల దగ్గర కొమ్మల మోడులు వదిలేసిన వెదురుబొంగు అది, వాటి మీదే కాలు పెట్టి ఎక్కాలి. పదిహేనేళ్ళుగా అలా ఎక్కుతున్న గాసి మార్చిలో ఒకరోజు నాలుగు నిలువుల ఎత్తునుంచి వెల్లకిలా పడ్డాడు. విశాఖపట్నంలో పెద్దాసుపత్రిలో రెండు నెలలు ఉంచి ఆపరేషను చేశారు. ప్రాణం దక్కింది గానీ నడుం కింద స్పర్శ పోయింది. జూన్ మొదటి వానలకు ఇంటికి తెచ్చారు. ఉచ్చ సంచి, మందుల కాగితాలతో పాటు నడుం కింద అరచెయ్యంత పుండు కూడా ఇంటికొచ్చింది.

దేవమణి వెళ్ళిన రోజున గడప దగ్గరే వాసన తగిలింది. లోపల మంచం పక్కన గాసి భార్య రత్న నిలబడి ఉంది. తల్లి చిలకమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది. అరవై దాటిన మనిషి, ముక్కుకు మూడు ముక్కుపుడకలు, ముంజేతుల మీద పచ్చబొట్లు. పుండు మీద ఆకు పసరు నూరి మందంగా పట్టించి ఉంది.

"ఈ పసరు ఎవలు పూసినారు?"

"నానే," అంది చిలకమ్మ. "గొడ్డలి గాటుకి ఇదే పూత్తాం. మూడ్రోజుల్లో మానిపోతాది."

"గొడ్డలి గాటు పైనించి పడతాది అప్పా. ఇది లోపలినించి వచ్చింది," అంటూ దేవమణి ఉప్పునీళ్ళతో పసరంతా కడిగేసింది. నల్లగా చచ్చిన కండ, దాని కింద పసుపుపచ్చ చీము, ఒక మూల తెల్లగా ఎముక. వేలు పెట్టి చూస్తే రెండు కణుపులు లోపలికి పోయింది.

గాసి తల తిప్పి అడిగాడు. "ఎలాగుంది నర్సమ్మా? నాకు తెలీదు. నా కాళ్ళు, నడుమూ ఇప్పుడు నాకు అలిగిన సుట్టాల్లాగున్నాయి. పిలిసినా పలకవు."

దేవమణికి దాచి చెప్పడం చేతకాదు. "చీము ఎముకలోకి దిగితే మనిషి దక్కడు. దిగకముందే అడుగునించి కొత్త కండ పెరగాల. పెరగాలంటే దాని మీద నీ బరువు పడకూడదు. మందు కంటే ముందు అదీ పని," అంది.

మర్నాడు జీపు మాట్లాడి పీహెచ్‌సీకి దింపించింది. అక్కడి డాక్టరు చచ్చిన కండ కోసేసి, పన్నెండు రోజుల ఇంజక్షన్లు రాశాడు. తర్వాత కట్టు కట్టడం రత్నకు నేర్పింది. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. మరిగించి చల్లార్చిన ఉప్పునీళ్ళతో పుండు కడగాలి. తడిపి పిండిన గాజుగుడ్డను గోతిలో వదులుగా నింపాలి, కూరి కూరి పెట్టకూడదు. చుట్టూ ఉన్న మంచి చర్మం పొడిగా ఉండాలి. రత్న నాలుగో రోజుకే పని పట్టేసింది. రోజూ గుడ్డు, ఉలవకట్టు, ఎండుచేప తినిపించమంది. కొత్త కండ గాలిలోంచి రాదు, కంచంలోంచి వస్తుందని కూడా చెప్పింది.

రెండు గంటలకోసారి పక్క మార్చాలని చెబితే రత్న తలూపింది గానీ, ఆ ఇంట్లో గంటలు చెప్పేది ఒక్క ఫోనే, అదీ రత్నతోపాటు తోటకు పోతుంది. వానాకాలం పొగమంచులో పొద్దు కూడా కనిపించదు. అందుకని దేవమణి గడియారాన్ని పక్కనపెట్టి ఊరి చప్పుళ్ళతో లెక్క కట్టింది. చింతపల్లి వెళ్ళే మొదటి జీపు హారను కొట్టగానే ఎడమ పక్కకు. బడిలో ప్రార్థన గంటకు కుడి పక్కకు. మధ్యాహ్నం భోజనాల గంటకు మళ్ళీ ఎడమకు. మేకలు ఇంటికొచ్చే వేళకు కుడికి. మధ్యలో మిగిలినవి పొయ్యి మీద కుండ ఎక్కించినప్పుడూ దించినప్పుడూ. రాత్రికి మాత్రం రత్న ఫోనులో అలారం. చిలకమ్మకు ఈ లెక్క బాగా నచ్చింది. జీపు రాని రోజున కూడా జీపు వేళకు కొడుకును తిప్పేసేది.

జూలై ఆఖరుకు పుండు అడుగున ఎర్రటి కొత్త కండ మొలకెత్తింది, సన్నటి గింజలు పరిచినట్టుగా. దేవమణి ఎవరినీ తిట్టకుండా ఆ రోజు ఇల్లు దాటింది. రత్న వాకిట్లోకొచ్చి మరీ చూసింది, ఒంట్లో బాగుందో లేదోనని.

ఆగస్టులో పరిస్థితి తిరగబడింది. పది రోజులు గెడ్డ వాగు పొంగి దారి లేక దేవమణి రాలేకపోయింది. నీళ్ళు తీశాక వచ్చి కట్టు విప్పితే కొత్త కండ పాలిపోయి ఉంది, పుండు చుట్టూ అంచు వలయంలాగా నల్లబడింది. ఇదేమిటని దుప్పటి ఎత్తి చూసింది. గాసి నడుం కింద పెద్ద చుట్టకుదురు ఉంది.

కొండ మీద ఆడవాళ్ళు నీళ్ళ కుండలు నెత్తిన పెట్టుకునే ముందు పాత చీర పీలికలు మెలేసి చుట్టకుదురు చేసుకుంటారు. కుండ అడుగు దాని మీద కదలకుండా కూర్చుంటుంది, నెత్తి మీద బరువు పడదు. యాభై ఏళ్ళు నీళ్ళు మోసిన చిలకమ్మ దానినే నమ్ముకుంది. పుండు మీద బరువు పడకూడదని కదా నర్సమ్మ చెప్పింది, మధ్యలో ఖాళీ ఉంటే పుండు మంచానికి తగలదు గదా అని, గడ్డీ గుడ్డలూ మెలేసి నడుమంత కుదురు చుట్టి కొడుకు కింద పెట్టింది. కుదురుండగా ఇక తిప్పడం ఎందుకని తిప్పడం కూడా తగ్గించింది.

దేవమణి నోరు ఆ రోజు ఊరంతా విన్నది. "సంపేత్తన్నావు నీ కొడుకుని. నీ సేతులతో నువ్వే సంపేత్తన్నావు. పసరు పూసినప్పుడు ఊరుకున్నాను. ఇప్పుడిదా? నీకెవలు సెప్పినారు ఈ తెలివి?" అంటూ ఆ కుదురును వాకిట్లోకి విసిరేసింది. బురదలో పడింది.

చిలకమ్మ లేచింది. వెళ్ళి బురదలోంచి కుదురు తీసుకుని అరుగు మీద కూర్చుంది. ఆ రోజునుంచి కొడుకు మంచం దగ్గరకు రాలేదు. అంబలి కాచి గుమ్మంలో పెట్టేది, రత్న తీసుకెళ్ళి తినిపించాలి. పిలిస్తే, "నా సేతులు మంచివి కావంట గదా" అనేది.

ఇది తేలికగా తీసుకునే విషయం కాదు. రత్న పగలు తోటకు పోక తప్పదు. ఆమె లేనప్పుడు గాసిని తిప్పే చేతులు చిలకమ్మవే. ఆ చేతులు ఆగిపోతే గాసి ఒకే పక్కన ఆరేసి గంటలు పడి ఉంటాడు. నాలుగు రోజుల తర్వాత వచ్చి చూసిన దేవమణికి పుండు ఇంకా నల్లగా కనిపించింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఆమెకు కొత్త కాదు, కాల్చింది తన నోరే కావడం కూడా కొత్త కాదు.

క్షమించమని అడగడం ఆమెకు చేతకాదు. అరుగు మీద చిలకమ్మ పక్కన కూర్చుంది. సంచిలోంచి కట్టుదారం తీసి తన చూపుడువేలు చుట్టూ బిగించి నాలుగు చుట్లు చుట్టింది. కాసేపటికి వేలి కొస నల్లబారింది.

"సూడప్పా. కొసకి ఏదీ తగల్లేదు. నాను నొక్కింది సుట్టూనే. అయినా కొసకి నెత్తురు పోతం లేదు."

చిలకమ్మ ఆ వేలు పట్టుకుని చూసింది. కొసను తన వేళ్ళతో తాకింది. "సల్లబడింది," అంది.

"అదే. కుండకి నెత్తురు లేదు గనక కుదురు మీద బాగుంటాది. కండకి సుట్టూ నొక్కితే మధ్యలోది సచ్చిపోతాది. నువ్వు మంచికే సేసినావు. నాను సెప్పవలసింది సెప్పలేదు, అనకూడంది అన్నాను."

చిలకమ్మ దారం తనే విప్పింది. వేలిని రెండు చేతుల మధ్యా పెట్టి కొంచెంసేపు రుద్దింది, లేచి లోపలికి వెళ్ళి కొడుకును కుడి పక్కకు తిప్పింది.

ఆ తర్వాత పుండు మీద బరువు పడకుండా ఉండటానికి ఇంకో ఉపాయం చేశారు. రోజులో కొంతసేపు గాసిని బోర్లా పడుకోబెట్టాలి. ఛాతీ కింద చోడి (రాగి) పొట్టు నింపిన దిండు, కాళ్ళ కింద ఇంకోటి. బోర్లా పడుకోబెట్టడానికి ఇద్దరు మగవాళ్ళు కావాలి. పనసగరువులో బదులు పని అలవాటు ఉంది, ఈ రోజు నీ తోటలో నేను, రేపు నా తోటలో నువ్వు. రోజూ పొద్దున్న ఇద్దరు వచ్చి గాసిని బోర్లా తిప్పి వెళ్ళేలా మాట్లాడుకున్నారు. బదులుగా గాసి మంచం అంచునుంచి చేతులు కిందికి వేలాడేసి, పళ్ళెంలో పోసిన వాళ్ళ కాఫీ గింజల్లోంచి పుచ్చులు ఏరి పెట్టేవాడు. నెల తిరిగేసరికి పనసగరువులో అందరికంటే శుభ్రంగా ఏరతాడని పేరొచ్చింది. పేరు రావడంతో చతుర్లు కూడా వచ్చాయి.

చిలకమ్మకు మాత్రం ఎదిగిన కొడుకును బోర్లా వేయడం మనసొప్పలేదు. దేవమణి ఆమెను నవ్వించడానికి, "మా కిందూళ్ళలో పసిబిడ్డ మొదటిసారి బోర్లాపడితే బొబ్బట్లు పంచుతారప్పా. నీ కొడుకు ముప్పై నాలుగేళ్ళకి మళ్ళీ బోర్లాపడ్డాడు. బొబ్బట్లేవీ?" అంది.

"పుండు మాననీ, సూద్దాం," అంది చిలకమ్మ.

నవంబరు దాటింది. కొండ మీద చలి పళ్ళు కొరికించే రోజులవి. కాఫీ కోతలు సాగుతున్నాయి, పుండు రూపాయి బిళ్ళంతకు వచ్చింది. దేవమణి ఆ మంగళవారం కట్టు మార్చి, అలవాటుగా టార్చి వేసి ఒళ్ళంతా చూసింది. తుంట్లు, మోకాళ్ళ పక్కలు, మడమలు. చూసి లేస్తూ, "ఎర్రగా లేదు, పర్వాలేదు," అంది.

చిలకమ్మ పక్కనే ఉంది. "కుడి మడమ కాడ ఏదో ఉంది నర్సమ్మా."

"ఏటుంది? ఇప్పుడే సూసినాను గదా."

"సూత్తే లేదు. ముట్టుకుంటే ఉంది."

దేవమణికి చిరాకు నాలుక చివరిదాకా వచ్చింది, ఆగస్టు గుర్తొచ్చి మింగింది. చేతి తొడుగు తీసి, చిలకమ్మ చూపించినట్టు చెయ్యి తిరగేసి, వేళ్ళ వెనక వైపుతో మడమ తాకింది. పాదమంతా చలికి రాయిలా ఉంది. మడమ వెనక మాత్రం అర్ధరూపాయంత చోట వేడిగా ఉంది. బొటనవేలితో నొక్కితే లోపల మెత్తగా దిగింది.

"ముగ్గడం మొదలెట్టిన సీతాఫలం ఇలాగే ఉంటాది," అంది చిలకమ్మ. "పైకి రంగు మారదు. సంతకి పట్టుకెళ్ళేవాటిని రోజూ ఇలాగే సూసుకుంటాం. మూడ్రోజులనించి ఇక్కడ ఇలాగుంది. రత్నకి సెప్పినాను, నర్సమ్మ సూత్తాది గదా అంది."

దేవమణి టార్చి మళ్ళీ వేసింది. నల్లటి చర్మం, అంతే. ఎరుపు లేదు. ఉండదు. గాసి చర్మం కాలిన పెంకు రంగు. ఆ రంగు కింద ఎరుపు ఎక్కడ కనిపిస్తుంది? ట్రైనింగు పుస్తకంలో బొమ్మ ఆమెకు కళ్ళముందు కదిలింది. తెల్లదొర వీపు, దాని మీద గులాబీరంగు మచ్చ, పక్కన ఇది మొదటి దశ అని అచ్చు. ఆ బొమ్మ పట్టుకుని ఇరవై ఆరేళ్ళుగా నల్లటి వీపుల మీద ఎరుపు వెతుకుతోంది. తన ముంజేయి గాసి కాలి పక్కనే ఉంది, రెండూ ఒకటే రంగు. ఆ సంగతి ఒక్కనాడైనా తట్టలేదు.

బర్నబా కూడా అదే రంగు. ఆ చివరిసారి టార్చి వేసి చూసిందే తప్ప చేత్తో తాకలేదు. చేతికి తొడుగు ఉంది. తాకి ఉంటే అప్పటికే వేడి తగిలేది. ఆరేళ్ళుగా ఒక మనిషి మీద మోపిన నేరం ఎవరిదో అప్పుడు ఆమెకు తెలిసింది. మంచం కోడు పట్టుకుని నేల మీద కూర్చుంది.

చిలకమ్మ భయపడింది. "కోపమొచ్చిందేటి నర్సమ్మా?"

"లేదప్పా," అంది దేవమణి. "పిక్క కింద దిండెట్టు. మడమ గాలిలో ఉండాల, దేనికీ తగలకూడదు."

మడమను ఆ రోజునుంచి గాలిలో ఉంచారు. చిలకమ్మ పూటకోసారి చేతి వెనక వైపుతో చూసి చెప్పేది. ఎనిమిదో రోజుకు వేడి తగ్గింది, పదమూడో రోజుకు మెత్తదనం పోయి మామూలైంది. పుండు కాకుండానే పోయింది. ఆ నెల పీహెచ్‌సీలో జరిగిన మీటింగులో దేవమణి లేచి నిలబడి, మన జనాల ఒంటి మీద ఎరుపు వెతక్కండి, తొడుగు తీసి చేత్తో తాకి చూడండి, వేడి, మెత్తదనం, గట్టిదనం వెతకండి అని చెప్పింది. ఎక్కడ నేర్చుకున్నారు మేడమ్ అని డాక్టరు అడిగాడు. పనసగరువులో చిలకమ్మ దగ్గర అని చెప్పింది. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు, తిట్టనూ లేదు, అదే వాళ్ళకు వింతగా అనిపించింది.

నర్సీపట్నం ఫోను మాత్రం చేయలేకపోయింది. క్రిస్మసుకు కూడా ఎప్పటిలాగే అన్నయ్యతో మాట్లాడి పెట్టేసింది. ఊరందరినీ తిట్టే నోటికి ఒక్క మాట పెగల్లేదు.

జనవరి చివరి వారంలో గాసి కట్టు విప్పితే గుడ్డ పొడిగా వచ్చింది. అరచెయ్యంత గొయ్యి ఉన్నచోట పలచటి కొత్త చర్మం పరుచుకుని ఉంది. దేవమణి ముందు చేతి వెనక వైపుతో తాకింది, తర్వాతే చూసింది. చుట్టూ ఎంత వేడి ఉందో అక్కడా అంతే.

"మానింది," అంది. "కానీ ఈ సర్మం ఇంకా ఏడాదిదాకా పసిబిడ్డ లాంటిది. తిప్పడం ఆపితే మళ్ళీ మొదటికొత్తాది. వచ్చేవారం నించి రోజూ పది నిమిషాలు కూసోబెట్టండి."

రత్న గోడకేసి తిరిగి ఏడ్చింది. గాసి దిండు మీద మొహం దాచుకుని, "పది నెల్ల తర్వాత కూసుంటే గుమ్మంలోంచి ఏటి కనపడతాదో," అన్నాడు.

"నా కాఫీ మూటలు కనపడతాయి, ఏరడానికి," అంది రత్న, ముక్కు తుడుచుకుంటూ.

చిలకమ్మ లోపలినుంచి అడ్డాకు పొట్లం తెచ్చి దేవమణి ఒళ్ళో పెట్టింది. బెల్లం వేసి కాల్చిన చోడి రొట్టెలు. "బోర్లాపడినందుకు," అంది. బొబ్బట్లంటే ఎలా ఉంటాయో ఆమె ఎప్పుడూ చూడలేదు.

పనసగరువునుంచి చింతపల్లి వచ్చే దారిలో ఫోను సిగ్నలు ఒక్క మలుపు దగ్గరే దొరుకుతుంది. ఆ మలుపులో దేవమణి జీపు ఆపించింది. ఒక్క నిమిషమని చెప్పి దిగి, దూరంగా వెళ్ళి, అన్నయ్యకు కాకుండా సిల్వియా నెంబరుకు ఫోను చేసింది.

"నాను దేవమణిని వదినా."

"సెప్పు. అందరూ బాగున్నారా?"

"బాగున్నారు. నాన్న సంగతి మాట్లాడాల. ఆ పొద్దు నాను ఎర్రగా లేదని సెప్పి ఎల్లిపోయినాను గదా. మన ఒంటి మీద ఎరుపు కనపడదు వదినా. ముట్టుకుని సూడాల. నాను ముట్టుకోలేదు. అప్పటికే లోపల పాడయ్యుంటాది. నీ తప్పు లేదు. సుట్టాల ముందు నిన్నే అన్నాను."

"తెలుసు," అంది సిల్వియా.

"ఏటి తెలుసు?"

"నువ్వు ఎల్లిన మర్నాడే మామయ్య మడమ ఏడిగా తగిలింది నాకు. నర్సు సూసి బాగుందంది గదా, నాకేటి తెలుసనుకున్నాను. నువ్వు పర్వాలేదన్నావని రాత్రులు తిప్పడం కూడా తగ్గించినాను. నాకూ ఓపిక లేదు మరి."

దేవమణి ఫోను రెండో చెవికి మార్చుకుంది. "ఆ రోజు నాను అందరి ముందూ అడిగినప్పుడు ఈ మాట ఎందుకు సెప్పలేదు?" అంది.

"సెప్తే నువ్వింక ఎవల వీపూ సూడవేమోనని," అంది సిల్వియా. "కొండ మీద నువ్వు తప్ప ఆళ్ళకి ఇంకెవలున్నారు."

జీపు డ్రైవరు హారను కొట్టాడు. లోపల సంతనుంచి వచ్చేవాళ్ళు పదమూడు మంది ఇరుక్కుని కూర్చుని ఉన్నారు, ఒక్కరూ తొందరపెట్టలేదు. దేవమణి ఏడ్చినంతసేపూ ఏడ్చి, కొంగుతో మొహం తుడుచుకుని, ఆదివారం వస్తున్నానని వదినకు చెప్పి జీపెక్కింది.